ఆనకట్ట నుంచి వచ్చిన సూదంటురాయి

మాచర్లలో మా కారం మర నడిచిన రోజుల్లో నేను రోజూ అడిగే ప్రశ్న ఒకటుండేది. "మూటలో ఇనుముందా?" రోజూ వచ్చే జవాబు కూడా ఒకటే. "లేదమ్మా, యాడిది?" ఆ జవాబు అబద్ధమని చెప్పేవాళ్ళకూ తెలుసు, అడిగే నాకూ తెలుసు. అయినా నేను అడగాలి, వాళ్ళు లేదనాలి, ఆ తర్వాత మరలో ఠంగుమని చప్పుడు రావాలి, నేను నెత్తి కొట్టుకోవాలి. అలా సాగేది మా వ్యాపారం.

సంగతేమిటంటే, మా వైపు తినే వస్తువేదైనా మూటగట్టి నలుగురూ తిరిగే దారిలో మోసుకుపోవాలంటే అందులో ఒక ఇనుప ముక్క వెయ్యాలి. మేకు కావచ్చు, విరిగిన కొడవలి మొన కావచ్చు, ఎద్దు నాడా కావచ్చు. దారిలో గాలి సోకకుండా, దిష్టి తగలకుండా అది కాపాడుతుంది. ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా తినే కారం సంగతైతే చెప్పనే అక్కర్లేదు. పైగా ఇనుము ఉందని పైకి చెబితే దాని గుణం పోతుందట. అందుకని మరకు వచ్చిన ప్రతి ఆడమనిషీ మూట అడుగున మేకు దాచి, నా కళ్ళలోకి చూస్తూ లేదని చెప్పేది. హిందువులూ అంతే, సాయిబుల ఇళ్ళవాళ్ళూ అంతే. మేం చర్చికి పోయేవాళ్ళం. మా అత్త ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టేది కాదు, ఆవిడ కూడా వేసేది. ఇదేందత్తా అని నేనడిగితే, "దేవుడు సూసుకుంటాడులే. మన జాగర్తలో మనముండాల గదా" అనేది.

ఆ మేకు వాళ్ళ మూటలో ఉన్నంతసేపు నాకేం అభ్యంతరం లేదు. మరలో పడితేనే మా చావుకొచ్చేది. మర లోపల ఇనుప సుత్తులు గిర్రున తిరిగి మిరపకాయల్ని పొడి చేస్తాయి. సుత్తికి మేకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. ఎండు కారం ఎంత సులువుగా అంటుకుంటుందో మర నడిపినవాళ్ళకే తెలుసు. ముందు మంట కనపడదు. లోపల్లోపలే రాజుకుంటుంది. గొంతులో గుచ్చినట్టు ఒక ఘాటు వస్తుంది, ఆ వెనక పొగ, ఆ వెనక గోనెసంచి భగ్గుమంటుంది.

మొదటిసారి అంటుకున్నప్పుడు ఎండాకాలం, పైగా పడమటి గాలి. మా మర మీద నాపరాళ్ళ కప్పు గనక మాకేం కాలేదు. పక్కింటి అవ్వది బోదగడ్డి కప్పు. మేం సంచిని బయటికి ఈడ్చేలోపలే ఒక్క రవ్వ ఎగిరి దాని మీద పడింది. చూస్తుండగానే ఇల్లు బూడిదైపోయింది. అవ్వ అప్పుడు ఇంట్లో పడుకుని ఉంది. మా ఆయన లోపలికి దూరి ఆమెను రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. ప్రాణం దక్కింది గానీ, పెట్టె, బట్టలు, ఏడాది గింజలు, చనిపోయిన కూతురి చీరలు, అన్నీ పోయాయి. మేమూ వీధివాళ్ళూ కలిసి మళ్ళీ కప్పు వేయించాం. చీరలు ఎక్కడి నుంచి తెస్తాం?

మరుసటి ఏడు మళ్ళీ రవ్వ లేచింది. ఈసారి మర గదిలోనే ఆపాం. మా ఆయన చేతులు మోచేతుల దాకా బొబ్బలెక్కాయి. ఆ సాయంత్రం మా వీధి పెద్దాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మాట కటువుగానే ఉంటుంది గానీ మనిషి అన్యాయస్థుడు కాదు.

"సూడమ్మాయ్, రెండుసార్లయింది. ఈ వీధిలో సగం ఇళ్ళు గడ్డివి. మూడోసారి మేం ఊరుకోం. రైలుకట్ట అవతలికి మార్చుకోండి మీ మరని" అన్నాడు.

రైలుకట్ట అవతల అంటే మాకు మర మూసుకోవడమే. నెత్తిన మూట పెట్టుకుని అంత దూరం ఎవరొస్తారు? మాకు పొలం లేదు, పుట్ర లేదు, ఆ మరే మా అన్నం. నేను బతిమాలాను. ఆయన, "సరే. వచ్చే మిరప కాపు అయిపోయిందాకా సూద్దాం. అప్పుడు అవ్వనే అడుగుతా. కాలింది ఆమె ఇల్లు గదా, ఆమె మాటే మా మాట. ఉండమంటే ఉండండి, పొమ్మంటే పోండి" అన్నాడు.

అవ్వేమో ఆ సంగతి విని ఔననలేదు, కాదనలేదు. మర్నాటి నుంచి మా మర గడపలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఇంజను మొదలవగానే వచ్చేది, ఆగాక పోయేది. పక్కన నీళ్ళ బిందె. చూపంతా మర నోటి మీదే. "అవ్వా, రెండు ముద్దలు తిని రాపో" అంటే, "నేను తింటానికి పొయ్యి వచ్చేలోపల ఎన్ని ఇళ్ళు కాలతాయో ఏందో" అనేది. ఆమెనలా చూస్తూ పనిచేయడం నాకు నరకమైపోయింది. అరిచేదాన్ని కాదు గనక సరిపోయింది గానీ, ఒళ్ళు మాత్రం మండిపోయేది. ఆమె మీద కాదు, ఆ మేకుల మీద.

ఇట్లాంటి సమయంలో మా ఆయన ఇంజనుకు ఏదో సామాను కావాలని విజయపురి పోయాడు. అప్పుడక్కడ ఆనకట్ట పని జోరుగా సాగుతోంది. ఎవరో కాంట్రాక్టరు తన వంతు పని ముగించుకుని పోతూ పాత సామాను అమ్ముతున్నాడని విన్నాడట. పొద్దున పోయిన మనిషి మర్నాడు మధ్యాహ్నం లారీలో దిగాడు. ఇంజను సామాను లేదు. లారీలోంచి నలుగురు మనుషులు ఒక ఇనుప దిమ్మెను దించి మా వాకిట్లో పడేశారు. దూడంత ఉంది. నిండా తుప్పు, దాని మీద గట్టిపడిన సిమెంటు, పక్కన రెండు తెగిన వైర్లు వేలాడుతున్నాయి.

"ఏందయ్యా ఇది?"

"సూదంటురాయే. కరెంటుతో నడుస్తది" అన్నాడు, ముఖం వెలిగిపోతూ.

"ఇంజను సామాను యాడ?"

"అది దొరకలా. ఇది సూడు ముందు. ఆడ రాళ్ళు పిండిచేసే మిషనుకి పైన దీన్ని వేలాడదీస్తారు. రాళ్ళల్లో విరిగిన పలుగు ముక్కో గునపం ముక్కో వచ్చిందనుకో, మిషన్లో పడకముందే ఇది పట్టేసుకుంటది. మనకీ అట్టాగే. మూట తొట్లో పోస్తే మేకు దీనికి అంటుకుంటది, కాయలు మరలోకి పోతయ్యి. ఇంక నువ్వు ఎవుర్నీ ఇనుముందా అని అడిగే పనే లేదు."

ఆలోచన బాగానే ఉంది. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ ఆ దిమ్మెను చూస్తే నాకు ఏడుపొచ్చింది. "పనిచేస్తదా?" అని అడిగాను. "చెయ్యదు. చేయించాల" అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు.

చేయించడానికి మోటార్లు చుట్టే మేస్త్రిని పిలిచాం. సాయిబుల వీధిలో ఉండేవాడు, మేమంతా భాయ్ అనేవాళ్ళం. ఆయన వచ్చి దాని చుట్టూ తిరిగి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి విన్నాడు. ఏం వినపడిందో మాకు చెప్పలేదు. "వదినా, వానల్లో నానిపోయింది ఇది. లోపల తీగంతా విప్పి, ఎండబెట్టి, వార్నీషు పూసి మళ్ళా చుట్టాల. ఇంటి కరెంటు నేరుగా పనికిరాదు దీనికి. కరెంటుని మార్చే డబ్బా ఒకటుంటది, అదేది?" అన్నాడు. మా ఆయన సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. దాన్ని విప్పితే లోపల ఎలుకలు కాపురం పెట్టిన ఆనవాళ్ళు కనిపించాయి.

ఆ తీగ విప్పడం మొదలయ్యాక మా వీధి వీధంతా తీగే అయిపోయింది. మా స్తంభం నుంచి ఎదురింటి వేపచెట్టుకు, వేపచెట్టు నుంచి అవ్వ ఇంటి రాటకు, అక్కణ్ణించి మళ్ళీ మా స్తంభానికి. వార్నీషు ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దని భాయ్ మరీ మరీ చెప్పిపోయాడు. నేనిలా అన్నం దించి వచ్చేసరికి ఎదురింటావిడ దాని మీద రెండు చీరలు, ఒక బొంత ఆరేసింది.

"ఏమే, అది బట్టలారేసే తీగా?"

"మరేందక్కా? తీగ కట్టినారు గదాని ఏసినా" అంది. తీగ కట్టింది ఆమె బొంత కోసమే అన్నంత మామూలుగా అంది! బొంత తీస్తే వార్నీషు దానితోపాటే ఊడొచ్చింది. భాయ్ మళ్ళీ పూశాడు. ఈసారి కోళ్ళు ఎక్కి కూర్చున్నాయి. ఇంకోసారి పూశాక నేనే కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాను. అటు మర గడపలో అవ్వ, ఇటు వాకిట్లో నేను. వీధిలో పోయేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు.

మా ఆయన తుప్పు గోకే పని తీసుకున్నాడు. ఉలితో, ఇసుకతో, చింతపండు పులుసుతో రుద్ది రుద్ది ఆ సిమెంటు వదిలించేసరికి ఆయన ప్రాణం, ఆయన్ని తిట్టి తిట్టి నా ప్రాణం, రెండూ విసిగిపోయాయి. నా చింతపండు కుండ ఖాళీ అయింది. అయితే ఒకటి మాత్రం చెప్పాలి. అడుగున ముఖం తేలాక అది వెండిలా తళతళలాడింది. ఆయన దాన్ని అరచేత్తో నిమిరి చూసుకుంటుంటే, ఎందుకో ఆ పూట తిట్టబుద్ధి కాలేదు.

కాపు మొదలయ్యేవేళకు దాన్ని తొట్టి కింద, మర నోటికి పైన వేలాడదీశారు. కాయలు ఏటవాలు రేకు మీద జారుతూ దాని ముఖం కిందనుంచి పోయి మరలో పడాలి. భాయ్ స్విచ్చి నొక్కాడు. జుయ్యిమని సన్నగా మోత వచ్చింది. మా ఆయన పరీక్షకని ఒక మేకు చూపించాడో లేదో, చేతిలోంచి ఎగిరి పోయి టప్పున అంటుకుంది. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. అవ్వ కొట్టలేదు.

మొదటి రోజు వచ్చిన మూటల్లో ఇనుము లేని మూట లేదు. ఎన్ని మేకులని! గుర్రపు నాడా ఒకటి, తలుపు గొళ్ళెం ఒకటి, ఎవరో మహాతల్లి ఏకంగా అట్లకాడ కాడే వేసింది. "లేదమ్మా" అన్నవాళ్ళందరి ఇనుమూ నా కళ్ళెదురుగా వేలాడుతుంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

"నా మేకు నాకియ్యి" అంది ఒకామె.

"ఏ మేకు? లేదన్నావు గదా?"

"అదంతా నాకు తెలవదు. కారంలో మేకు లేకుండా నేను ఇంటికెట్టా పోతా? దారిలో ఏదన్నా సోకితే నువ్వొస్తావా?"

సరే గదా అని ఒక మేకు తీసిచ్చాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది నాది కాదు. ఎవురిదో ఏమో. ఎవురి దిష్టి దీంట్లో ఉందో. నాది కొంచెం వంకరగా ఉంటది" అంది. పక్కావిడ, "ఆ వంకరది నాది" అంది. ఇద్దరూ ఒక వంకర మేకు కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చారు. ఇంట్లో గోడకు కొట్టుకుంటే క్యాలెండరు కూడా ఆగని మేకు అది! ఆ రోజు నుంచి ఒక్కో మూట ఆడగానే ఇంజను నెమ్మది చేసి, కింద చేట పట్టి, సూదంటురాయి ఆపి, ఎవరి ఇనుము వాళ్ళ కారం మీద పెట్టి పంపడం నా మెడకు చుట్టుకుంది. అప్పుడు మాత్రం "ఇది నీదేనా?" అంటే సిగ్గూ ఎగ్గూ లేకుండా "ఆఁ, నాదే" అనేవాళ్ళు.

అయినా ఓర్చుకున్నాను. ఠంగుమనే చప్పుడు వినపడటం లేదు, ఘాటు పుట్టడం లేదు. అవ్వ ఇంకా గడపలోనే కూర్చుంటున్నా, బిందె మీద పెట్టిన చెయ్యి అప్పుడప్పుడూ ఒళ్ళోకి వస్తోంది. ఇంకొన్నాళ్ళు ఇట్లా గడిస్తే చాలు, పెద్దాయన అడిగినప్పుడు ఆమె ఉండమంటుందని నాకు ఆశ పుట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం, మరలో సందు లేనంత జనం. ఒక పెద్ద రైతు ఇంటివాళ్ళు బస్తాలకు బస్తాలు తెచ్చారు. అన్నీ ఒకింటివే గనక ఇనుము మధ్యలో తీయలేదు, సూదంటురాయికి ఒక గుప్పెడు అంటుకుని ఉంది. కరెంటు పోయింది.

ఊళ్ళో కరెంటు పోవడం వింత కాదు. అది వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, ఉన్న గంటలకంటే లేని గంటలే ఎక్కువ. మర నడిచేది ఆయిల్ ఇంజనుతో గనక మేమెప్పుడూ దాని సంగతి పట్టించుకోలేదు. కానీ సూదంటురాయికి కరెంటు పోతే అది వట్టి ఇనుప దిమ్మే కదా! పట్టుకున్న ఇనుమంతా ఒక్కసారిగా వదిలేసింది. గుప్పెడు మేకులూ, నాడాలూ గిర్రున తిరుగుతున్న మర నోట్లో పడ్డాయి.

ఆ చప్పుడు నేను జన్మలో మరిచిపోను. మర నోట్లోంచి నిప్పురవ్వలు చిమ్మాయి. మా ఆయన కర్రతో బెల్టు తప్పించాడు. అవ్వ బిందెడు నీళ్ళూ ఎత్తి మర నోట్లో గుమ్మరించింది. నేనేమో గోనెసంచులు బయటికి విసిరాను. జనం అరుస్తూ వీధిలో పడ్డారు. మంట పుట్టలేదు. పుట్టలేదంటే, అవ్వ నీళ్ళ వల్లే పుట్టలేదు. కారమంతా ముద్దై గచ్చు మీద పారింది.

అవ్వ ఖాళీ బిందె పట్టుకుని నిలబడింది. పోయి మళ్ళీ నింపుకొచ్చి గడపలోనే కూర్చుంది. తిట్టినా బాగుండేది.

అంతా పోయాక నేను మా ఆయన మీద పడ్డాను. "ఒకటి పడితే ఒక రవ్వ లేచేది. నువ్వు తెచ్చిన మహానుభావుడు అన్ని బస్తాల మేకులూ పోగేసి ఒకేసారి పోశాడు గదయ్యా! దీనికన్నా ఆ ఆడోళ్ళే నయం!" ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. భాయ్ వచ్చి, లారీ బ్యాటరీ పెడదామన్నాడు, ఇంకో డబ్బా పెడదామన్నాడు. నాకు విసుగు నషాళానికెక్కింది.

"ఏదీ వద్దు భాయ్. కరెంటు పోతే ఇది చేతిలో ఉన్నదంతా వదిలేస్తది. అంతే గదా? అయితే మేకులతో పాటు ఒక మూతని కూడా పట్టుకోమను. పోయినప్పుడు మేకులకంటే ముందు ఆ మూత పడాల, మర నోరు మూసుకుపోవాల!"

కోపంలో అన్న మాట అది. భాయ్ నా వంక చూశాడు, మా ఆయన తలెత్తాడు. ఇద్దరూ ఒకేసారి లేచి సూదంటురాయి దగ్గరికి పోయారు. నేనింకా తిడుతూనే ఉన్నాను, వినేవాళ్ళు లేరు.

మందపాటి ఇనుప రేకు ఒకటి కోసి, ఒక పక్క మడతబందు వేశారు. దాన్ని పైకెత్తి సూదంటురాయి పక్కకు ఆనిస్తే అంటుకుని ఉంటుంది. కరెంటు పోతే దాని బరువుకు అదే పడి మర నోటిని మూసేస్తుంది. వదిలిన ఇనుమంతా దాని మీద పడుతుంది. మళ్ళీ కరెంటొచ్చాక, ఇనుము ఏరేసి, చేత్తో ఎత్తి ఆనిస్తేనే మర నోరు తెరుచుకుంటుంది. భాయ్ స్విచ్చి తీశాడు. ధనామని మూత పడింది. అవ్వ ఉలిక్కిపడి బిందె పట్టుకుంది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. నాలుగైదుసార్లు చేశాక అవ్వ లేచి దగ్గరికొచ్చి, మూత మీద వేళ్ళు పెట్టి నొక్కి చూసింది. తిరిగి పోయి గడపలో కూర్చుంది.

ఇక కష్టాలు తీరాయనుకున్నాను. నా పిచ్చిగానీ, మనుషులుండగా కష్టాలు తీరతాయా? కరెంటు లేకపోతే మూత పడే ఉంటుంది, మూత పడితే మర ఆడదు. జనం గొణుగుడు మొదలుపెట్టారు. "ఇంజను నడుస్తానే ఉంది గదా, ఆడించడానికేం?" "ఇంటికాడ పిల్లలేడుస్తన్నారు." "కంభం పోయే బండి ఎల్లిపోద్ది." నేను కదల్లేదు. కరెంటు వచ్చేదాకా కూర్చోండి, లేకపోతే పోయి రోట్లో దంచుకోండి అన్నాను.

ఒకనాడు నేను బావి నుంచి నీళ్ళు తెచ్చేసరికి కరెంటు లేదు. మర మాత్రం ఆడుతోంది. లోపలికి పోతే, మూత ఎత్తి ఉంది. కింద ఒక కర్ర నిలబెట్టి ఉంది. పెట్టింది బయటివాళ్ళు కాదు. మా ఆయనే! ఆ దిమ్మెను లారీలో మోసుకొచ్చిన మనిషి, తుప్పు గోకి అరచేతులు పగలగొట్టుకున్న మనిషి, రెండు చేతులూ కాల్చుకున్న మనిషి!

నేను నోరు తెరిచేలోపలే అవ్వ లేచింది. చేతికర్రతో ఆ కర్రను ఒక్క పోటు పొడిచింది. మూత ధనామని పడింది. ఊడిన కర్ర తీసుకుని వాకిట్లోకి పోయి వీధిలోకి విసిరికొట్టింది.

"ఒరేయ్, కరెంటు వచ్చిందాకా కూర్చోరా" అంది.

"అది కాదవ్వా, జనం పోరుతుంటే..."

"జనం పోరతారు. నన్ను ఎత్తుకొచ్చింది నువ్వే గదరా. మళ్ళా ఎత్తుకొస్తావా?"

మా ఆయన పోయి ఇంజను నెమ్మది చేశాడు. జనం పోయి అరుగు మీద కూర్చున్నారు. ఆ తర్వాత మా మరలో ఎవరూ మూతకు కర్ర పెట్టలేదు. పెడతామని అడిగిన ధైర్యవంతులు కూడా లేరు. కరెంటు పోయినప్పుడల్లా మూత పడేది, జనం అరుగు మీద కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు, నా మంచినీళ్ళన్నీ తాగేసేవాళ్ళు. నాకు పనికంటే ఆ కబుర్లతోనే తల ప్రాణం తోకకొచ్చేది.

కాపు ముగింపుకు వచ్చింది. రోజులు దగ్గరపడేకొద్దీ నాకు నిద్ర పట్టడం మానేసింది. అవ్వ మనసులో ఏముందో ముఖం చూసి చెప్పలేం. ఒకటి రెండుసార్లు, "అవ్వా, పెద్దాయన అడిగితే ఏమంటావ్?" అని అడిగాను. "అడిగినప్పుడు సూస్తాలే" అంది. ఆ ముక్క చెప్పడానికేం నోరు నొప్పా? ఆమెకేం, మాట అనేసి పోతుంది. పోయేది మా కడుపు.

పెద్దాయన ఒక మధ్యాహ్నం వచ్చాడు. మర జోరుగా ఆడుతోంది. ఇంజను మోతకు ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. "అవ్వేదమ్మాయ్?" అని అరిచి అడిగాడు. గడప వైపు చూశాను. ఖాళీ.

పొద్దున వచ్చింది, నేను చూశాను. బిందె ఉంది. మనిషి లేదు. మర నడుస్తుండగా ఆమె లేచిపోవడం నేనెన్నడూ చూడలేదు. ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. లేకపోతే మాకు వ్యతిరేకంగా చెప్పడానికి మనసొప్పక ఎటైనా పోయిందేమో. పక్కింటికి పోయాను. పెద్దాయన నా వెనకే వచ్చాడు.

తలుపు బార్లా తీసి ఉంది. కొత్త బోదగడ్డి కప్పు కింద, చాప మీద, అవ్వ ఒక చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉంది. నాకు భయమేసి దగ్గరికి పోయి వంగి చూశాను. గురక. సన్నగా, హాయిగా, నోరు కొంచెం తెరుచుకుని గురక పెడుతోంది. మా ఇంజను మోతకు ఆ ఇంటి మట్టిగోడ అదురుతోంది. పక్కన అన్నం తిన్న కంచం ఇంకా కడగలేదు.

అంతలో కరెంటు పోయినట్టుంది. మా మరలో ధనామని మూత పడింది. చూరు మీది పిచ్చికలు తుర్రుమన్నాయి. అవ్వ ఒక్కసారి కదిలి, అటు తిరిగి పడుకుంది.

"లేపమంటావా పెదనాన్నా? నువ్వడగాలన్నావు గదా" అన్నాను.

పెద్దాయన ఆ కడగని కంచం వంకా, ఆమె వంకా చూశాడు. "ఎందుకమ్మాయ్? చెప్పింది గదా" అన్నాడు. గుమ్మం బయట విడిచిన చెప్పులు చప్పుడు కాకుండా తొడుక్కుని పోయాడు.

నేనక్కడే కూలబడ్డాను. ఎంత కోపం వచ్చిందంటే! ఇన్నాళ్ళు నా గుండె అరచేతిలో పెట్టుకుని తిప్పి, చివరికి ఒక్క మంచి మాట కూడా అనకుండా తిని పడుకుంది ఈ ముసలమ్మ. ఆ కోపంతోనే ఆమె కాళ్ళ దగ్గర తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మర దగ్గర నుంచి ఆడవాళ్ళ కేకలు మొదలయ్యాయి. కరెంటొచ్చిందట, మూత ఎత్తాలట, ఎవరిదో మేకు ఎవరో తీసుకున్నారట. కొంగుతో ముఖం తుడుచుకుని వాకిట్లోకి వచ్చాను. ఇంజను దడదడలాడుతూనే ఉంది. దాని మోతలో వాళ్ళ గోల ఒక లెక్క కాదు. అయినా సరే, వేలు పెదాల మీద పెట్టి కసిరాను.

"అరవబాకండే. అవ్వ నిద్రపోతా ఉంది."